నీడ పెరటికి రంగుచారల ఆకుమొక్కలు: విజయవాడ ఎండల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

విజయవాడలో ఏ ఇంటికైనా ప్రహరీకి, గోడకు మధ్య నాలుగైదు అడుగుల సందు ఒకటి మిగులుతుంది. అక్కడ గులాబీ పూయదు, మందారం సాగిపోయి ఆకులే వేస్తుంది, తులసి కూడా కొన్నాళ్ళకు నీరసించి సన్నబడుతుంది. అలాంటి చోటుకు పువ్వు కోసం కాక ఆకు కోసం పెంచే మొక్కలే తగినవి. వాటిలోనూ తెలుపు, పసుపు, గులాబీ చారలున్న ఆకులైతే చీకటి మూలకు కాస్త వెలుగు వస్తుంది. నర్సరీల వాళ్ళు ‘వేరిగేటెడ్’ అని పిలిచే ఈ జాతుల్లో పొదలూ ఉన్నాయి, తీగలూ ఉన్నాయి. ఇక్కడ నేను పోల్చదలచుకున్నవి మెత్తని కాండంతో ఏళ్ళ తరబడి బతికే గుల్మాలను మాత్రమే: ఆల్పీనియా, పాలగుండ, అగ్లోనిమా, డైఫెన్‌బేకియా, క్యాలాడియం, స్పైడర్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్. కలాథియా, హోస్టాల గురించి కూడా చెప్పాలి కానీ, అవి ఎందుకు వద్దో చెప్పడానికే.

వీటిలో ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు ఆకు అందంలో దొరకదు. జూలై వానలో నర్సరీకి వెళితే అన్నీ కళకళలాడుతూనే ఉంటాయి. మన ప్రాంతంలో ఈ మొక్కలను చంపేది నీడ కాదు, మే నెల. మధ్యాహ్నం పూట పడమర నుంచి వీచే వడగాలికి, రోహిణి కార్తె ఎండకు, పుట్టింటికో పెళ్ళికో వెళ్ళి నాలుగు రోజులు నీళ్ళు పోయలేకపోయిన వారానికి ఏ మొక్క నిలబడుతుందో ముందుగా ఊహించుకుని, ఆ తరువాతనే రంగు సంగతి చూడాలి.

మీ నీడ ఎలాంటి నీడ

చాలామంది ‘మా ఇంటి ఉత్తరం వైపు సంవత్సరమంతా నీడే’ అంటారు. చలికాలంలో చూసి అనుకున్న మాట అది. విజయవాడ, గుంటూరు పట్టణాలు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. సూర్యుడు ఉత్తరాయణంలో 23 డిగ్రీలు దాటి పోతాడు కనుక, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తి మీద నుంచి కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. పైగా ఆ రోజుల్లో సూర్యోదయం ఈశాన్యం నుంచి, అస్తమయం వాయవ్యంలో జరుగుతాయి. అంటే, డిసెంబరులో ఒక్క కిరణం కూడా పడని ఉత్తరపు సందులో, సరిగ్గా ఏడాదిలో ఎండ ముదిరిన నెలలోనే, సాయంత్రం నాలుగు దాటాక వాయవ్యం నుంచి ఎండ ఏటవాలుగా వచ్చి పడుతుంది. మా సందులో మొదటి ఏడాది పెట్టిన క్యాలాడియాలు ఇలాగే మే రెండో వారంలో మాడిపోయాయి. నీళ్ళు చాలలేదేమోనని మరిన్ని పోశాను. దాంతో దుంపలు కూడా కుళ్ళిపోయాయి.

చెట్టు నీడ మరో రకం. మామిడి కింద నీడ దట్టంగా ఉండి ఏడాది పొడవునా పెద్దగా మారదు. వేప అలా కాదు, ఉగాదికి ముందే ఆకు రాల్చి, మళ్ళీ చిగురించే దాకా కొన్ని వారాలు దాని కింద నేల బయటపడుతుంది. కానుగ కూడా ఇంచుమించు అంతే. బాదం ఆకులు ఎర్రబారి ఒక్కసారిగా రాలిపోయినప్పుడు కింద ఉన్న కుండీలు పూర్తి ఎండలో నిలబడతాయి. ఈ చెట్ల కింద మొక్కలు పెట్టేవారు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఎండ ఎలా పడుతున్నదో ఒక్క ఏడాదైనా గమనించడం మంచిది. ఇవి కాక చెట్ల వేళ్ళు పైపొరలోని నీళ్ళన్నీ లాగేసుకుంటాయి కనుక, పెద్ద చెట్టు మొదట్లో నేలలో నాటడం కన్నా కుండీలు పెట్టుకోవడమే మేలని నా అనుభవం.

వెలుగు ఎంత ఉందో తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు మొక్క పెట్టదలచిన చోట తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున అరచేయి పట్టి చూడండి. వేళ్ళ నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే ఆ వెలుగు ఆల్పీనియాకు, స్పైడర్ ప్లాంటుకు, గులాబీ రంగు అగ్లోనిమాకు సరిపోతుంది. నీడ మసకగా ఉండి చేయి ఆకారం మాత్రం తెలుస్తుంటే డైఫెన్‌బేకియా, క్యాలాడియం పెట్టవచ్చు. చేయి ఉందో లేదో తెలియనంత పలచగా ఉంటే ఆకుపచ్చ, వెండి రంగు అగ్లోనిమాలు, స్నేక్ ప్లాంటు తప్ప మిగిలినవి వృథా.

తెలుపు ఎక్కువైతే బలం తక్కువ

ఆకు మీది తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు. అందువల్ల ఆ భాగం ఆహారం తయారు చేయదు, పక్కనున్న పచ్చని భాగం మీద ఆధారపడి బతుకుతుంది. ఒకే జాతిలో పచ్చ మొక్క కంటే చారల మొక్క నెమ్మదిగా పెరగడానికీ, తెలుపు ఎక్కువున్న ఆకు అంచులు వడగాలికి ముందుగా మాడడానికీ కారణం ఇదే. నర్సరీలో రెండు కుండీలు పక్కపక్కన ఉంటే దాదాపు తెల్లగా ఉన్నదాని మీదికే మన చేయి పోతుంది. ఈ ఊరికి మాత్రం సగానికి పైగా పచ్చదనం ఉన్నదే తీసుకోవాలి.

చారలన్నీ ఒకే తీరువి కావన్నది కొనేవారు తెలుసుకోవలసిన మరో సంగతి. క్యాలాడియం, కలాథియాల రంగు వాటి సహజ లక్షణం. స్నేక్ ప్లాంటులో పసుపు అంచు గల ‘లారెంటి’ రకం వేరు. దాని ఆకులో రెండు రకాల కణజాలాలు పొరలు పొరలుగా కలిసి ఉంటాయి. అందుకే ఆ ఆకును ముక్కలు చేసి నాటితే పుట్టే పిల్లలకు పసుపు అంచు రాదు, అన్నీ పచ్చగానే వస్తాయి. పసుపు అంచు కావాలంటే దుంపను చీల్చి విడదీయడం ఒక్కటే మార్గం. ఆల్పీనియా, పాలగుండల్లో కూడా అప్పుడప్పుడు పూర్తి పచ్చని పిలక ఒకటి పుడుతుంది. అది మిగతావాటి కన్నా జోరుగా పెరిగి, రెండేళ్ళలో మొత్తం దుబ్బును పచ్చగా మార్చివేస్తుంది. కనిపించిన వెంటనే దుంప దాకా తవ్వి తీసేయాలి.

నేలలో నాటేందుకు: ఆల్పీనియా, పాలగుండ

ఆల్పీనియా పసుపు, అల్లం, యాలకుల కుటుంబానికి చెందినది. పసుపు మార్కెట్‌కు పేరుపడ్డ దుగ్గిరాల మనకు దగ్గరే కనుక, ఈ కుటుంబపు నడవడిక ఇక్కడివారికి కొత్త కాదు: దుంప పక్కలకు పాకుతుంది, మాగిన ఎరువు ఇష్టపడుతుంది, నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళు వస్తుంది. అయితే పసుపు చలికాలం చివరికి ఆకు ఎండి తవ్వకానికి వస్తుంది, ఆల్పీనియా ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. పొడవైన ఆకుల మీద పసుపు గీతలతో నాలుగు నుంచి ఆరు అడుగుల ఎత్తు పెరుగుతుంది. గోడ వారన వరుసగా నాటితే రెండో ఏటికల్లా అడ్డుతెర కట్టినట్టు నిండిపోతుంది. ఈ ప్రాంతపు నేల నీడకు ఏదైనా ఒక్కటే నాటమంటే నేను దీనినే చెబుతాను.

దీని లోపాలు కూడా చిన్నవి కావు. ఒక్కో దుబ్బు మూడు అడుగుల వెడల్పుకు తక్కువ కాకుండా విస్తరిస్తుంది కనుక, నాలుగడుగుల సందులో నాటితే నడవడానికి దారి ఉండదు, కిటికీ కింద నాటితే గాలి రాదు. పూసి ముదిరిన కాండాలను మొదలంటా కోసేయకపోతే లోపల ఎండుటాకులు చేరి చూడ్డానికి చిందరవందరగా తయారవుతుంది. మేలో రోజూ నీళ్ళు కావాలి. ఒక్క వారం మరిచిపోతే చావదు కానీ ఆకుల కొనలన్నీ గోధుమ రంగుకు మారి, మళ్ళీ కొత్త ఆకులు వచ్చే దాకా ఆ మచ్చ పోదు.

పాలగుండ పేరు పెద్దవాళ్ళకు తెలుసు. పసిపిల్లలకు జావ కాచి పోసే పాలగుండ పిండి దీని దుంప నుంచే వస్తుంది. ఆకుల మీద తెలుపు, పచ్చ పలకలు పలకలుగా ఉన్న రకాన్ని తోటల్లో అలంకారానికి పెంచుతారు. రెండు మూడు అడుగులకు మించదు కనుక ఇరుకు సందుకు ఆల్పీనియా కన్నా ఇది నప్పుతుంది. చలికాలం చివర పలచబడి నేల కనిపిస్తుందన్న లోపాన్ని ఒప్పుకోగలిగితే, అందరి ఇళ్ళల్లో కనిపించని మొక్క ఇది. స్థలం ఉంటే ఆల్పీనియా, లేకుంటే పాలగుండ.

కుండీలకు: అగ్లోనిమా, డైఫెన్‌బేకియా, క్యాలాడియం

ఈ మూడూ మన కంద, చేమ దుంపల కుటుంబానివే. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు ఈ మూడింటి ఆకుల్లోనూ, కాండాల్లోనూ ఉంటాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నది కానీ, ఈ మొక్కలు కత్తిరించే చేతికి దురద తప్పదు, తొడుగు వేసుకోవడం మంచిది. డైఫెన్‌బేకియా వీటిలో ఘాటైనది. కాండం నమిలితే నాలుక, నోరు మండి వాచిపోయి మాట కూడా సరిగా రాదు. పాకే పిల్లలున్న ఇంట్లో, మొక్కలు కొరికే కుక్క ఉన్న ఇంట్లో దీనిని పెట్టకపోవడమే మంచిదన్నది నా గట్టి అభిప్రాయం. అలాంటి ఇల్లు కాకపోతే ఇది చవకగా దొరుకుతుంది, త్వరగా పెరుగుతుంది, పెద్ద ఆకులతో మూలను నింపుతుంది. రెండేళ్ళకు కింది ఆకులన్నీ రాలి కర్రలా నిలబడినప్పుడు పైభాగాన్ని కోసి మళ్ళీ నాటుకోవచ్చు, మిగిలిన మోడు కూడా చిగురిస్తుంది.

క్యాలాడియం సంగతి పూర్తిగా వేరు. అందంలో దీనికి సాటి లేదని ఒప్పుకోవాలి. ‘కాండిడమ్’ అనే రకం తెల్లని ఆకు మీద పచ్చని ఈనెలతో సాయంత్రపు మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది. కానీ దక్షిణ అమెరికా అడవుల నుంచి వచ్చిన ఈ దుంప కంద మాదిరిగానే ఏడాదిలో కొంతకాలం నిద్రపోతుంది. చలికాలానికి ఆకులు వాడి, నేల మీద ఏమీ మిగలదు. తెలియనివారు మొక్క చచ్చిపోయిందని కుండీ ఖాళీ చేస్తారు. కొందరు మళ్ళీ లేస్తుందన్న ఆశతో నీళ్ళు పోస్తూనే ఉండి దుంపను కుళ్ళబెడతారు. ఆకులు పసుపు తిరగగానే నీళ్ళు తగ్గించి, తరువాత పూర్తిగా ఆపి, కుండీని వాన తగలని చోట ఉంచితే, ఎండలు మొదలయ్యాక తిరిగి మొలక వస్తుంది. ఆ మొలక లేత ఆకులు సరిగ్గా వడగాలుల కాలానికి విచ్చుకుంటాయన్నదే మన ఊళ్ళో దీనికున్న పెద్ద కష్టం. జూన్‌లో తొలి వానలు పడే దాకా దుంపకు నీళ్ళు చూపించకుండా ఆలస్యంగా లేపడం నేను మొదలుపెట్టాను. అప్పటి నుంచి వానాకాలమంతా బాగుంటున్నది. ఏడాదికి ఐదారు నెలల అందం చాలనుకునేవారికి మాత్రమే క్యాలాడియం.

అగ్లోనిమా ఈ రెండింటికీ మధ్యస్థంగా కాక, రెండింటి కన్నా నమ్మకమైనదిగా తేలింది. ఆగ్నేయాసియా అడవుల అడుగున, చెట్ల నీడలో పెరిగే జాతి కనుక తక్కువ వెలుగు దీనికి శిక్ష కాదు. చలి దీనికి పడదు కానీ, విజయవాడలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా సాధారణంగా 15 డిగ్రీలకు దిగువకు పోదు కనుక ఆ బెంగ లేదు. ‘సిల్వర్ క్వీన్’, ‘మారియా’ వంటి వెండి, పచ్చ రకాలు దట్టమైన నీడలోనూ రంగు నిలుపుకుంటాయి. ఇప్పుడు బండ్ల మీద కూడా కనిపిస్తున్న ఎరుపు, గులాబీ రకాలు వేరు, వాటికి వెలుగు కావాలి. చీకటి మూలలో పెడితే కొత్తగా వచ్చే ఆకుల్లో ఎరుపు తగ్గిపోతుంది. ధర ఎక్కువ, పెరుగుదల నెమ్మది అన్నవి నిజమే. అయినా ఐదేళ్ళ క్రితం కొన్న రెండు సిల్వర్ క్వీన్ కుండీలు ఈ రోజుకీ మా మెట్ల కింద ఉన్నాయి, ఆ వ్యవధిలో డైఫెన్‌బేకియాలు మూడుసార్లు మార్చాను.

నీళ్ళు పోసేవారు లేని ఇంటికి

స్నేక్ ప్లాంటును గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన చాగనారకు దగ్గరి బంధువు, నాలుగు వారాలు నీళ్ళు లేకపోయినా ఉంటుంది, ఎక్కువ పోస్తేనే కుళ్ళుతుంది. గాలిని శుద్ధి చేస్తుందన్న ప్రచారం విని మాత్రం కొనకండి. 1989లో నాసా వెలువరించిన ప్రయోగ ఫలితాలు మూసివేసిన చిన్న గదుల్లోవి, ఆరుబయట పెరటికి అవి వర్తించవు. స్పైడర్ ప్లాంటు దట్టమైన నీడకు కాదు, వెలుగున్న నీడలో బాట పక్కన అంచు కట్టడానికి బాగుంటుంది. దాని వేళ్ళు లావుగా ఉండి నీళ్ళు దాచుకుంటాయి కనుక రెండు మూడు రోజులు ఆగగలదు, పిల్లలకు, పెంపుడు జంతువులకు హాని లేదు. ఆకుల కొనలు మాడడం దీనికి అలవాటు. నీళ్ళలోని ఫ్లోరైడ్, లవణాలు దానికి ముఖ్య కారణాలు. బోరు నీళ్ళు పోసే ఇళ్ళలో ఈ మాడుడు ఎక్కువగా చూశాను. వాన నీళ్ళు పట్టి పోసిన నెలల్లో కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి.

వద్దనదగినవి రెండు

కలాథియా ఆకుల మీది చిత్రం చూసి మోసపోనివారు అరుదు. రాత్రి పూట ఆకులు ముడుచుకుని, నిద్రగన్నేరు లాగా ఉదయం విచ్చుకోవడం కూడా ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి ఎప్పుడూ తడిగాలి కావాలి. మన మే నెల మధ్యాహ్నాలు, బోరు నీళ్ళలోని ఉప్పు రెండూ కలిసి దాని అంచులను కాల్చివేస్తాయి. లోపలి గదిలో పెంచుకునేవారి విషయం వేరు, పెరటికి మాత్రం వద్దు.

నీడ తోటలంటే చలిదేశాల పుస్తకాల్లో మొదటి పేరు హోస్టా. జపాన్, కొరియా, చైనాలకు చెందిన ఈ మొక్క దుంప, చలికాలంలో కొన్ని వారాల పాటు 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే గాని వసంతంలో బలంగా చిగురించదు. నేను ఒకసారి తెప్పించుకున్న దుంప మొదటి ఏడాది ఐదారు ఆకులు వేసింది, రెండో ఏడాది మూడు చిన్న ఆకులు, మూడో ఏడాది ఏమీ లేదు. ఎరువు వేయడంలోనో నీళ్ళలోనో తప్పు వెతకడం వృథా, మన ఊరికి ఆ చలి రాదు. లంబసింగిలో ఇల్లున్నవారు ప్రయత్నించి చూడవచ్చు.

గుంటూరు నల్లరేగడి, విజయవాడ బోరు నీళ్ళు

మా అత్తగారి ఇల్లు గుంటూరులో. అక్కడి నల్లరేగడిలో నాటిన స్పైడర్ ప్లాంట్లు ఒక్క తుఫాను వానకు కుళ్ళిపోయాయి, అదే మట్టిలో ఆల్పీనియా మాత్రం నిలిచింది. వేసవిలో బీటలు వారి వేళ్ళను తెంపే ఆ నేల, వానాకాలంలో వారాల తరబడి నీరు వదలదు. అక్కడ నేలలో నాటాలనుకుంటే జానెడు ఎత్తున మడి కట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు దండిగా కలపడం తప్పనిసరి. కుండీలకు ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ఎరువు సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే ఈ కుటుంబాలన్నింటికీ సరిపోతుంది.

రంగుచారల మొక్కల్లో ఒక జబ్బు కంటికి దొరకదు. నల్లరేగడిలోనూ, ఉప్పు నీళ్ళు పోసే కుండీల్లోనూ ఇనుము అందక కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యభాగం పాలిపోయి వస్తాయి. మామూలు మొక్కలో అయితే ఇది వెంటనే తెలుస్తుంది, ఇక్కడేమో ‘కొత్త ఆకు ఇంకా తెల్లగా వస్తున్నది’ అని సంతోషిస్తాం. అసలు చార అయితే పాత ఆకుల్లో ఉన్న తీరుగానే ఉంటుంది, గీత స్పష్టంగా ఉంటుంది. లోపమైతే తెలుపు పచ్చలోకి మసకగా కలిసిపోతుంది. వేరుశనగ రైతులు వాడే ద్రావణమే దీనికీ మందు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు. మెత్తని ఆకులు కనుక ముందు సగం మోతాదుతో ఒక్క ఆకు మీద చల్లి, రెండు రోజులు చూసి, మచ్చ పడకపోతే సాయంత్రం పూట మొక్కంతా తడపాలి.

ఎప్పుడు, ఎలా కొనాలి

మన నర్సరీల్లోకి వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి వస్తాయి. అక్కడ అవి షేడ్ నెట్ కింద, నిత్యం తడి తగిలే చోట పెరిగినవి కనుక, తెచ్చిన రోజే సందులో నాటితే బెదిరిపోతాయి. పది రోజులు వరండాలో ఉంచి, ఆ తరువాత వాటి చోటుకు మార్చాలి. వానలు కుదుటపడిన జూలై నెల అన్నింటికన్నా అనుకూలం. తప్పితే, ఉక్క తగ్గిన అక్టోబరు చివర. ఏప్రిల్, మే నెలల్లో ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను.

కుండీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆకు అడుగున, ఆకు కాండాన్ని అంటుకున్న గూడులో దూదిలా తెల్లగా పిండినల్లి ఉన్నదేమో చూడండి. తెల్ల చారల ఆకు మీద అది తొందరగా కనిపించదు, అగ్లోనిమాలో మరీను. అడుగు రంధ్రంలోంచి వేళ్ళు గుత్తులుగా బయటికి వచ్చి ఉంటే అది చాలాకాలంగా అదే సంచిలో ఉన్నదని అర్థం, తెచ్చిన వారంలోపే పెద్ద కుండీకి మార్చవలసి ఉంటుంది. ఆల్పీనియా కొనేటప్పుడు ఒకే కాండం ఉన్న ఎత్తైన మొక్కను కాక, పొట్టిగా ఉన్నా మూడు నాలుగు పిలకలున్న దుబ్బును ఎంచుకోండి. పొడవాటి కాండం రెండో ఏడాదికి ఎలాగూ కోసి పారేయవలసినదే, తోటను నింపేది పక్కన లేస్తున్న ఆ పిలకలే.